స్కూబా డైవింగ్ నేర్చుకుంటానంటున్న మా అమ్మాయికి ఏమని చెప్పాలి?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి కమీషన్ వ్యాపారం చేస్తాను. మా అమ్మాయి వయసు 19, విజయవాడలో బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. మొన్న సంక్రాంతి సెలవుల్లో అండమాన్ వెళ్ళినప్పుడు హేవ్‌లాక్ దీవిలో ఒక్కసారి స్కూబా డైవింగ్ చేసింది. అప్పటి నుంచి డిగ్రీ మానేసి డైవ్‌మాస్టర్, అంటే డైవింగ్‌కు వచ్చినవారిని నీళ్ళలో వెంట ఉండి నడిపించే డైవర్, అవుతానని పట్టుబడుతోంది. ఒక శిక్షణ కేంద్రం వారు మూడు నెలల్లో అన్నీ నేర్పి ఉద్యోగం చూపిస్తామంటూ మొత్తం ఫీజు ముందే కట్టమంటున్నారు. ఈత అంతంత మాత్రమే. చిన్నప్పటి నుంచి సైనస్ బాధ ఉంది. కాదంటే అలుగుతుంది, ఔనంటే భయంగా ఉంది. మీ సలహా కావాలి. - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అమ్మాయిని కాదనకండి, అలాగని ఆ మూడు నెలల ఫీజు ఇప్పుడు కట్టకండి. డిగ్రీ ఆగకూడదు. ఈలోగా ఈత, వైద్య పరీక్ష, ఆ తర్వాత ఓపెన్ వాటర్ డైవర్ అనే మొదటి కోర్సు, ఈ వరుసలో వెళ్ళనివ్వండి. డైవింగ్ ఆమెకు జీవనోపాధి అవుతుందా లేదా అన్నది ఆ కోర్సు పూర్తయ్యాక, తన పరికరాలను తానే బిగించుకుని నీళ్ళలోకి దిగడం మీరు కళ్ళారా చూశాక తేల్చుకోవలసిన విషయం. ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను.

హేవ్‌లాక్‌లో మీ అమ్మాయి చేసినది పర్యాటకులకు రుచి చూపించే డైవ్. అందులో శిక్షకుడు వెనకనుంచి సిలిండర్ పట్టుకుని ఉంటాడు, పైకి లేపడమూ కిందికి దించడమూ ఆయనే చేస్తాడు, లోతు 12 మీటర్లు దాటనివ్వరు, పరికరాలన్నీ ముందే బిగించి భుజాలకు తగిలిస్తారు. దిగినవారు చేయవలసిందల్లా నోటితో గాలి పీల్చుకుంటూ చూడటమే. ఆ అరగంటలో ఆమె పొందిన ఆనందం నిజమైనదే, దాన్ని తక్కువ చేయవద్దు. అయితే బండి వెనక కూర్చుని ఊరంతా తిరిగినవారికి బండి నడపడం వచ్చినట్టు కాదు కదా! ఈ మాట ఆమెకు కోపంగా కాక, నెమ్మదిగా అర్థమయ్యేలా చెప్పండి.

ముందుగా ఈత. ఓపెన్ వాటర్ కోర్సులో ఎక్కడా ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, దీనికి సమయం లెక్క లేదు. ఆ తర్వాత పది నిమిషాలు ఏ ఆధారమూ లేకుండా నీటిపై తేలుతూ ఉండాలి. వేగం ముఖ్యం కాదు, నీటిలో బెదరకపోవడం ముఖ్యం. ఆమె విజయవాడలోనే ఉంటోంది కాబట్టి గాంధీనగర్‌లోని సర్ విజ్జీ మునిసిపల్ ఈతకొలను వంటి చోట, శిక్షకుల పర్యవేక్షణలో, రెండు మూడు నెలలు రోజూ గంటసేపు సాధన చేస్తే సరిపోతుంది. స్నేహితులతో కలిసి కృష్ణ ఘాట్ల దగ్గర నేర్చుకుంటానంటే మాత్రం ఒప్పుకోకండి. పైకి నిలకడగా కనిపించే ఆ నీటి కింద లాగుడు ఉంటుంది, ఏటా ఎందరో పిల్లలు ఆ ఘాట్ల దగ్గరే మునిగిపోతున్నారు.

మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సైనస్ సంగతి నా దృష్టిలో ఫీజు కంటే పెద్దది. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. పది మీటర్ల దగ్గర శరీరంపై పీడనం ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు అవుతుంది, చెవుల లోపలా సైనస్ గదుల్లోనూ ఉన్న గాలి సగానికి కుంచించుకుపోతుంది. అందుకే దిగుతున్నప్పుడు ప్రతి మీటరుకూ ముక్కు మూసుకుని మెల్లగా ఊది చెవులు సరిచేసుకుంటూ వెళ్ళాలి. నొప్పి తెలిశాక చేయడం కాదు, నొప్పి రాకముందే చేయాలి. ముక్కు దిబ్బడ వేసి ఉంటే గాలికి దారి దొరకదు, బలవంతంగా ఊదితే కర్ణభేరికి దెబ్బ తగులుతుంది. కొందరు ముక్కులో చుక్కలు వేసుకుని దిగుతారు. ఆ మందు ప్రభావం లోతులో ఉండగానే తగ్గితే, పైకి వచ్చేటప్పుడు వ్యాకోచించే గాలి బయటికి రాలేక మరింత బాధిస్తుంది. కోర్సులో చేరేటప్పుడు ఆరోగ్య ప్రశ్నపత్రం ఒకటి నింపిస్తారు. సైనస్, ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ వంటివాటిలో దేనికైనా ఔనని రాస్తే వైద్యుని సంతకం తప్పనిసరి. సంతకం తిప్పలు తప్పించుకోవడానికి అన్నిటికీ లేదని రాసేవారిని నేను చూశాను, మీ అమ్మాయి చేత అలా రాయించకండి. గుంటూరులోనే మంచి ఈఎన్‌టీ వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళి, స్కూబా డైవింగ్ కోసమని స్పష్టంగా చెప్పి పరీక్ష చేయించండి. ఆయన వద్దంటే ఆ మాటకు ఎదురు లేదు.

ఇక కోర్సు. పాడీ, ఎస్ఎస్ఐ వంటి అంతర్జాతీయ సంస్థల పేరుతో ఇచ్చే కార్డు ఎక్కడైనా చెల్లుతుంది. కొంత చదువు, ఈతకొలనులోనో లోతు తక్కువ నీటిలోనో అభ్యాసం, చివరగా సముద్రంలో నాలుగు డైవ్‌లు ఉంటాయి. పూర్తిచేసిన పెద్దవారు తోడు డైవర్‌తో కలిసి 18 మీటర్ల వరకు వెళ్ళవచ్చు. మనకు దగ్గరలో విశాఖపట్నం రుషికొండ దగ్గర నేర్చుకోవచ్చు. అండమాన్‌లో నీరు తేటగా ఉంటుంది కాబట్టి కొత్తవారికి భయం తక్కువ.

కోర్సులో మొదట చెప్పే నియమం, చివరిదాకా చెబుతూనే ఉండే నియమం ఒక్కటే. ఊపిరి బిగపట్టకూడదు. సిలిండర్ గాలిని ఆ లోతు పీడనానికి తగ్గట్టు పీలుస్తాం కాబట్టి, పది మీటర్ల దగ్గర నిండుగా పీల్చిన ఊపిరిని బిగపట్టి పైకి వస్తే అది రెట్టింపు చోటు అడుగుతుంది, ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. మన ఈతగాళ్ళకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు దీనికి సరిగ్గా వ్యతిరేకం, మునిగామంటే ఊపిరి బిగపడతాం. ఆ అలవాటును మాన్పించడానికే కోర్సులో సగం శ్రమ. మాస్క్‌లోకి నీళ్ళు రానిచ్చి, తల కాస్త పైకెత్తి, మాస్క్ పై అంచును నుదుటికి నొక్కిపట్టి, ముక్కుతో గాలి వదులుతూ ఆ నీటిని కింది అంచునుంచి బయటికి పంపాలి. వినడానికి ఇంతే. ముక్కుకు నీరు తగలగానే మనిషి లేచి పైకి పరుగెత్తాలనుకుంటాడు. నాతో కోర్సు చేసిన ఒక కుర్రవాడు ఐదడుగుల నీటిలో మూడుసార్లు అలాగే లేచి నిలబడ్డాడు. నాలుగోసారి శిక్షకుడు అతని మణికట్టు పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ, తాను కూడా మాస్క్ నింపుకుని చేసి చూపించాక కుదిరింది. నోటినుంచి జారిన రెగ్యులేటర్‌ను, అంటే సిలిండర్ గాలిని నోటికి అందించే సాధనాన్ని, కుడిచేతిని వెనక్కి చాచి తిప్పి అందుకోవడం, గాలి అయిపోయిన తోడువారికి అదనపు రెగ్యులేటర్ అందించి ఇద్దరూ కలిసి పైకి రావడం, ఇవన్నీ ఇలాంటివే. ఒకసారి చేసి చూపితే చాలదు, ఆలోచించకుండా చేయి కదిలేదాకా చేయాలి. నీటి కింద సైగల్లో బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి పోదామని అర్థం. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

పరికరాల సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎవరిలో డైవర్ ఉన్నారో, ఎవరిలో పర్యాటకులు ఉన్నారో నాకు అక్కడే తెలిసింది. నాకు తెలియని పని గురించి నా దగ్గరికి వచ్చే పిల్లలకు సలహా చెప్పకూడదనుకుని నేనూ ఆ కోర్సు చేశాను. సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే గాలే, సుమారు 200 బార్ల పీడనంతో నింపి ఉంటుంది. కారు టైరులో రెండు బార్ల పైచిలుకు ఉంటుంది, దానితో పోల్చుకోండి. ముందుగా గాలి నింపి భుజాలకు తొడుక్కునే జాకెట్‌ను, దానినే బీసీడీ అంటారు, సిలిండర్‌కు పట్టీతో బిగించాలి. పట్టీని ముందే తడపాలి, పొడిగా బిగించినది నీటిలో సాగి సిలిండర్ జారుతుంది. బిగించాక జాకెట్‌ను పట్టుకుని ఎత్తి కుదిపి చూడాలి. సిలిండర్ వాల్వ్‌లోని చిన్న రబ్బరు రింగు పగలకుండా తన చోట ఉందో లేదో వేలితో తడిమి చూసి, వాల్వ్‌ను క్షణం తెరిచి గాలి వాసన చూడాలి, నూనె వాసన వస్తే ఆ సిలిండర్ పక్కన పెట్టేయాలి. ఆ తర్వాత రెగ్యులేటర్ ఫస్ట్ స్టేజ్‌ను, అంటే సిలిండర్ వాల్వ్‌కు తగిలించే భాగాన్ని, నోటిలో పెట్టుకునేవి కుడివైపుకూ, జాకెట్ గొట్టమూ, గాలి పీడనం చూపే గేజ్ గొట్టమూ ఎడమవైపుకూ వచ్చేలా కూర్చి, చేతితో బిగించాలి. రెంచీ అక్కరలేదు.

వాల్వ్ తెరిచేటప్పుడు గేజ్ అద్దాన్ని ముఖానికి దూరంగా తిప్పి, మెల్లగా, చివరిదాకా తెరవాలి. నేను తొందరలో కొంచెమే తెరిచాను. గేజ్ 200 చూపించింది, అంతా బాగుందనుకున్నాను. శిక్షకుడు ఏమీ అనకుండా, రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని గేజ్ చూస్తూ నాలుగు ఊపిర్లు తీయమన్నాడు. పీల్చిన ప్రతిసారీ ముల్లు కిందికి పడి మళ్ళీ లేచింది. పైన ఒడ్డు మీద ఆ గాలి సరిపోయినట్టే ఉంటుంది, 18 మీటర్ల దగ్గర ప్రతి ఊపిరికీ దాదాపు మూడు రెట్లు గాలి కావాలి, అప్పుడు అందదు. ఆ ముల్లు కదలిక నా కళ్ళ ముందు ఇప్పటికీ ఉంది. అందుకే చెబుతున్నాను, పరికరాలు ఎవరో బిగించి ఇస్తే తొడుక్కుని దిగే డైవర్‌గా మీ అమ్మాయిని తయారుకానివ్వకండి. దిగేముందు తోడు డైవర్‌తో ఒకరి జాకెట్, బరువులు, బకిళ్ళు, గాలి ఒకరు తడిమి చూసుకోవడం కూడా మొక్కుబడిగా కాకూడదు. తిరిగి వచ్చాక ఫస్ట్ స్టేజ్ మూతను తుడిచి బిగించి, ఆ తర్వాత అన్నిటినీ మంచినీటితో కడిగి ఆరబెట్టడంతోనే ఆ రోజు డైవ్ పూర్తయినట్టు లెక్క.

పరికరాలు కొనిపెడతానని మీరు తొందరపడవద్దు. ముఖానికి సరిగ్గా అతికే మాస్క్ ఒక్కటి చాలు, కళ్ళజోడు ఉంటే పవర్ అద్దాలతోనూ దొరుకుతాయి. మిగిలినవి కేంద్రమే ఇస్తుంది.

ఇప్పుడు ఆ మూడు నెలల మాట. పాడీ లెక్కలో డైవ్‌మాస్టర్ కోర్సు మొదలుపెట్టడానికే 18 ఏళ్ళ వయసు, అడ్వాన్స్‌డ్, రెస్క్యూ కోర్సులు, నమోదైన 40 డైవ్‌లు ఉండాలి. ముగిసేసరికి అవి 60 కావాలి. శిక్షకులు కావాలంటే 100 డైవ్‌లు, డైవర్‌గా కనీసం ఆరు నెలల అనుభవం కావాలి. మూడు నెలల్లో అంకెలు పూర్తి చేయించవచ్చు. అయితే డైవ్‌మాస్టర్ అంటే, కెరటాల్లో బెదిరిపోయిన కొత్తవారి ప్రాణానికి పూచీ పడవలసిన మనిషి. విజయవాడ నుంచి నా సలహా లేకుండానే ఇలాంటి శిక్షణకు వెళ్ళిన ఒక విద్యార్థి, ఎక్కువ కాలం సిలిండర్లు మోయడంలోనూ పడవ కడగడంలోనూ గడిపి, కార్డు చేతికి రాకుండానే తిరిగి వచ్చాడు. ముందే కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. సిలిండర్ మోయడం తప్పు కాదు, ఆ పనిలో అది భాగమే. ఎన్ని డైవ్‌లు, ఎవరి దగ్గర, ఉద్యోగం అంటే ఏ నెలలో ఎంత జీతం అన్నది కాగితం మీద లేకుండా డబ్బు కట్టడమే తప్పు. పైగా ఇది సీజన్ పని, వానాకాలంలో అండమాన్‌లో డైవింగ్ బాగా తగ్గిపోతుంది.

చెరువుల్లో, నదుల్లో మునిగి పనిచేసేవారి వృత్తి దీనికి పూర్తిగా వేరు. 2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీ గేట్లకు పడవలు కొట్టుకువచ్చి చిక్కుకున్నప్పుడు, వాటిని కోయడానికి నీటి కిందికి దిగినవారు కమర్షియల్ డైవర్లు. ఆ బురద నీటిలో తన చేయి తనకు కనబడదు. వారి శిక్షణ, పరికరాలు, ప్రమాదం అన్నీ వేరు. వినోద డైవింగ్ కార్డుతో ఆ పనులకు ఎవరూ తీసుకోరు, తీసుకుంటామన్నా వెళ్ళకూడదు.

మీ అమ్మాయి చేతిలో ఇప్పటికే ఉన్న దారిని ఆమె చూడటం లేదు. జువాలజీ డిగ్రీతో సముద్ర జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చేయవచ్చు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లోనే (ఇప్పుడు శ్రీ విజయపురం) సముద్ర జీవశాస్త్ర విభాగం ఉంది, దానికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. పగడపు దిబ్బలను పరిశీలించే శాస్త్రవేత్తకు డైవింగ్ అభిరుచి కాదు, పనిముట్టు. డిగ్రీ మానేస్తే ఈ తలుపు మూసుకుపోతుంది, డిగ్రీతోపాటు ఓపెన్ వాటర్ కార్డు ఉంటే ఇదే తలుపు ఇంకాస్త వెడల్పుగా తెరుచుకుంటుంది. ఆమెతో ఈ మాట మాట్లాడేటప్పుడు మీరు గెలవాలని చూడకుండా, ఆ విభాగం సిలబస్‌ను ఆమె చేతనే చదివించండి.

వేసవి పరీక్షలయ్యాక వైద్యుడు సరేనంటే అండమాన్ టిక్కెట్లు తీయండి, వీలైతే మీరూ వెళ్ళి ఒడ్డున కూర్చుని ఆమె సిలిండర్ బిగించుకోవడం చూడండి. తిరుగు ప్రయాణం మాత్రం చివరి డైవ్ అయిన మర్నాడు సాయంత్రం కంటే ముందు పెట్టుకోకండి. వరుసగా కొన్ని రోజులు డైవ్ చేసినవారు విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలి, ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడానికి ఆ వ్యవధి కావాలి.