నమ్మి చెప్పిన మాట నలుగురికీ తెలిసిపోయింది... నిద్ర పట్టడం లేదు!

ప్రశ్న: నా వయసు 38. వారానికోసారి కలిసి పాటలు సాధన చేసే చిన్న బృందంలో ఉన్నాను. ఏడాదిగా డిప్రెషన్‌కు మందులు వాడుతున్న సంగతి అందులో ఒక్క స్నేహితురాలికే చెప్పాను. ఆమె అందరికీ చెప్పేసింది. నెలన్నరగా సాధనకు వెళ్లాలంటే గుండె దడ. రాత్రి మూడింటికే మెలకువ వస్తోంది. మందులు మానేస్తే ఈ మాటలూ ఆగుతాయేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మందుల సంగతి. మీ అంతట మీరు ఆపవద్దు. ఈ మందులు ఉన్నట్టుండి మానేస్తే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు పాకినట్టు ఉండటం వంటివి మొదలవవచ్చు. జబ్బు తిరగబెట్టే ప్రమాదమూ ఉంది. తప్పు చేసింది ఆమె అయితే శిక్ష మీ చికిత్సకు ఎందుకు?

నమ్మినవారు దెబ్బతీస్తే శరీరం దాన్ని నిజమైన ప్రమాదంగానే లెక్కగడుతుంది. అడ్రినలిన్ అనే హార్మోన్ పెరిగి గుండె దడదడలాడుతుంది. చిన్న బృందంలో ఇంకో చిక్కుంది. ఆ మనిషి ప్రతి వారం ఎదురవుతుంది. మిగతావారిలో ఎవరికి ఎంత తెలుసో అంతుపట్టదు. దాంతో పక్కవారు నవ్వినా మన గురించేనేమో అనిపిస్తుంది. వెళ్లడం మానేస్తే ఆ పూటకు హాయిగానే ఉంటుంది కానీ, మరుసటి వారానికి భయం ఇంకాస్త ముదురుతుంది. కాబట్టి అరగంటైనా వెళ్లి రండి. ఎవరైనా అడిగితే, “అవును, వైద్యం తీసుకుంటున్నాను. దాని గురించి ఇక్కడ మాట్లాడదలచుకోలేదు” అనండి. అంతకు మించి ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు.

ఆమెతో మాట్లాడటమే మంచిదని నా అభిప్రాయం. అయితే నిద్రలేని మర్నాడు వద్దు, పదిమందిలో వద్దు, మెసేజ్‌లో అసలే వద్దు. అదీ పదిమందికీ చేరుతుంది! ఏం జరిగిందో, మీకెంత బాధ కలిగిందో, ఇకపై ఏం చేయకూడదో చెప్పి, ఆమె ఏమంటుందో వినండి. కొందరు ఆందోళనతో, సాయం దొరుకుతుందనుకుని చెప్పేస్తారు. దానితో తప్పు ఒప్పయిపోదు గానీ, ఆమెను ఎంత దూరంలో ఉంచాలో మీకు తేలుతుంది. ‘పోనీలే, క్షమించేయ్’ అని తొందరపెట్టేవారూ ఉంటారు. చాలాసార్లు వారికి కావలసింది మీ ప్రశాంతత కాదు, బృందంలో ఇబ్బంది లేకపోవడం. కోపం తగ్గడం వేరు, మళ్లీ మనసు విప్పి చెప్పుకోవడం వేరు. మొదటిది జరిగినంత మాత్రాన రెండోది చేయాల్సిన పని లేదు.

రాత్రి మెలకువ వచ్చి, సుమారు 20 నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో ఏదైనా తేలికపాటిది చదవండి. మగత వచ్చాకే పడుకోండి. ఉదయం లేచే వేళ మాత్రం మార్చవద్దు. ఎవరో ఇచ్చారని, ఆందోళన తగ్గించే అల్‌ప్రజోలామ్ వంటి మాత్రలు వేసుకోవద్దు. అవి కొన్ని వారాల్లోనే అలవాటైపోతాయి.

తెల్లవారకముందే మెలకువ రావడం డిప్రెషన్ మళ్లీ పెరుగుతోందనడానికీ గుర్తు కావచ్చు. అందుకే ఈ వారంలోనే మీ డాక్టరును కలిసి ఇదంతా చెప్పండి. మోతాదు మార్చాలో, కౌన్సెలింగ్ జోడించాలో వారు చూస్తారు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు. ఇంట్లోవారికి చెప్పి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.
– మానసిక వైద్య నిపుణులు