కాకరలో పండు ఈగ: బుట్ట నిండినా పురుగు ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: ఎకరం పందిరి కాకరలో పిందెలు పచ్చబడి, వంకర తిరిగి రాలుతున్నాయి. బోరాన్ లోపమని డీలర్ చెబితే రెండుసార్లు కొట్టాం. ఈగ కోసం ఆయనే ఇచ్చిన లింగాకర్షక బుట్టలు (లోపలి ఎర వాసనతో ఈగల్ని రప్పించి పట్టేవి) ఆరు కట్టాం. నిండా ఈగలు పడుతున్నా కాయల్లో పురుగు తగ్గలేదు. పక్కన మామిడి తోట ఉంది. ఇక వారానికోసారి మందు కొట్టమంటున్నారు. ఏ మందు కొట్టాలి? – ఒక రైతు, నూజివీడు ప్రాంతం

జవాబు: ముందు బోరాన్ ఆపండి. వంకర పిందెను కోసి చూడండి. లోపల తెల్లటి పురుగులుంటే అది పండు ఈగ పనే. పైన సూది గుచ్చినంత గాటు, దాని మీద గోధుమ రంగు బంక చుక్క కూడా కనిపిస్తాయి.

ఇక బుట్టల సంగతి. ఎర పేరు మీరు రాయలేదు, కానీ అది మామిడికి వాడే మిథైల్ యూజినాల్ అని నా అనుమానం. పడిన ఈగల్ని కాగితం మీద పరిచి చూడండి. రెక్కలు తేటగా, వీపు నల్లగా ఉంటే అవి మామిడి ఈగలు. కాకర ఈగ ఎర్రటి పసుపు రంగులో ఉంటుంది, రెక్కల మీద గోధుమ రంగు మరకలుంటాయి. పడినవి మామిడి ఈగలే అయితే ఇన్నాళ్లూ మీ ఖర్చుతో పక్కాయన తోటలో ఈగల్ని పట్టారన్నమాట.

కాకర, బీర, దోస, సొర పంటలకు క్యూలూర్ ఎర కావాలి. ఎకరానికి 10 బుట్టలు, పందిరి ఎత్తులో, పూతకు ముందే కట్టాలి. ఎరను నెలన్నరకోసారి మార్చండి. రెండు రకాల ఎరలు ఒకే బుట్టలో పెట్టవద్దు.

అయితే క్యూలూర్‌కు వచ్చేది మగ ఈగలే. పత్తి గులాబీ రంగు పురుగులో ఆడ రెక్కల పురుగు వాసన వదిలితే మగది వెతుక్కుంటూ వస్తుంది. ఈ ఈగల్లో తిరకాసు: పొద్దుగూకే వేళ మగవి ఒకచోట చేరి వాసన వదులుతాయి, ఆడవి వస్తాయి. జతకట్టాక ఆడ ఈగ లేత పిందెల వాసన పట్టుకుని పోతుంది. గాటు పడిన కాయ దాన్ని మరీ లాగుతుంది. అందుకే రాలిన కాయలు గట్టు మీద పారేస్తే బుట్టలు కట్టి లాభం లేదు. రోజూ ఏరి, రెండడుగుల గోతిలో పూడ్చండి, లేదా పాలిథిన్ సంచిలో మూతి బిగించి ఎండలో పడేయండి. పురుగు నేలలోకి దిగి కోశస్థ దశకు (ఈగగా మారే ముందు కదలకుండా కోశంలో ఉండే దశ) పోతుంది కాబట్టి పాదుల్లో మట్టిని పైపైన కదిలించండి.

ఆడ ఈగలకు విషపు ఎర పెట్టాలి: 10 లీటర్ల నీటికి మలాథియాన్ 100 మి.లీ., బెల్లం 100 గ్రా. (పులిసిన కల్లు 100 మి.లీ. అయినా సరే). మట్టి ప్రమిదల్లో పోసి పొలంలో అక్కడక్కడ పెట్టండి. పిల్లలకు, పశువులకు అందకూడదు. గుడ్లు పెట్టకుండా 5 శాతం వేప గింజల కషాయం సాయంత్రం పిచికారీ చేయండి.

వారానికోసారి మందు మాత్రం వద్దు. కాయలోని పురుగుకు, మట్టిలోని కోశానికి అది తగలదు. తగిలేది తేనెటీగకు, అది రాకపోతే కాకరలో పిందె పడదు. పైగా రెండు మూడు రోజులకోసారి కోసే కాయ మీద మందు కొట్టి మార్కెట్‌కు పంపితే తినేవాళ్ల గతేమిటి? సరుకు అమ్మేవాడిని రోగమేమిటని అడిగితే దుకాణంలో ఉన్నదే చెబుతాడు. ఈసారి ప్యాకెట్ మీద క్యూలూర్ అని చదివాకే డబ్బు ఇవ్వండి, బిల్లు తీసుకోండి.