1937-38లో హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచిందా? గెలిస్తే ఆ రోజుల్లో ఆట ఏ స్థాయిలో ఉండేది?

మీరు అడిగినవి రెండు. హైదరాబాద్ రంజీ గెలిచింది 1987లోనే అనుకున్నాను, 1938లో కూడా గెలిచిందని ఒకరు అన్నారు, నిజమా అన్నది మొదటిది. నిజమైతే అప్పటి ఆటను ఇప్పటి ఆటతో పోల్చవచ్చా అన్నది రెండోది.

మొదటిది నిజమే. 1937-38 సీజన్ ఫైనల్ బొంబాయిలో జరిగింది. హైదరాబాద్ ఒక్క వికెట్ తేడాతో నవానగర్‌ని ఓడించింది. కెప్టెన్ ఎస్.ఎం. హుస్సేన్. సి.కె. నాయుడు మన తెలుగువాడు కాబట్టి ఆ జట్టులో ఉండే ఉంటాడని కొందరు అనుకుంటారు, కానీ లేడు. ఆ రోజుల్లో ఆయన సెంట్రల్ ఇండియాకి ఆడేవాడు. తర్వాత హోల్కర్ జట్టుకి వెళ్ళాడు. ఆంధ్రకు ఆడింది చాలా ఆలస్యంగా, 1953-54లో. అప్పటికి ఆయన వయసు యాభై ఎనిమిది!

ఈ ఫైనల్ గురించి నాకు తెలిసింది పుస్తకాల్లోంచి కాదు. నేను పదకొండేళ్ళు లీగ్ క్రికెట్‌లో స్కోరర్‌గా చేశాను. బ్యాటింగ్ రాక, బౌలింగ్ రాక, ఆట వదల్లేక స్కోర్‌బుక్ పట్టుకున్నవాణ్ణి. నాకు పని నేర్పిన పెద్దాయనకు ఒక అలవాటు ఉండేది. వాన పడి ఆట ఆగితే పాత మ్యాచ్‌ల టోటళ్ళు మాత్రం రాసిచ్చి, పేర్లు చెప్పకుండా "ఏం జరిగిందో చెప్పు నాయనా" అనేవారు. ఒకరోజు పాత కవరు వెనక ఇలా రాసిచ్చారు: 152, 113, 270, 9 వికెట్లకు 310.

నేను కూడికలు మొదలుపెట్టాను. మొదటి ఇన్నింగ్స్‌లో 39 వెనకబాటు. దానికి 270 కలిపితే 309, అంటే గెలవడానికి 310 కావాలి. సరిగ్గా 310 కొట్టారు, తొమ్మిది వికెట్లు పోయాయి. "పిచ్ తర్వాత తర్వాత బాగుపడినట్టుంది సార్" అన్నాను తెలివిగా. ఆయన నవ్వి, "పిచ్ సంగతి ఈ అంకెల్లో ఎక్కడుంది? ఉన్నదే చెప్పు" అన్నారు. అప్పుడు కింద ఇంకో అంకె వేశారు: 137 నాటౌట్.

అది ఈ ఫైనల్లోనే హైదరాబాద్ బ్యాటర్ ఎడుల్జీ ఐబారా స్కోరు. ఇక్కడే నా పెన్సిల్ ఆగింది. మొదటి ఇన్నింగ్స్‌లో హైదరాబాద్ జట్టంతా కలిసి చేసింది 113. నాలుగో ఇన్నింగ్స్‌లో ఆయనొక్కడే దానికి 24 ఎక్కువ కొట్టాడు. మిగతా పదిమంది, ఎక్స్‌ట్రాలు అన్నీ కలిపినా 173. నాలుగు ఇన్నింగ్స్‌ల్లో అదే పెద్ద టోటల్, అదీ చివరి ఇన్నింగ్స్‌లో! స్కోర్లు రాసినవాడిగా చెప్తున్నాను, రెండు వందలు దాటిన ఛేజింగ్ అంటేనే మాకు చేతులు చల్లబడతాయి.

తొమ్మిది వికెట్లు పడ్డాక స్కోరర్ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఒక లీగ్ మ్యాచ్‌లో మా క్లబ్ చివరి జోడీ క్రీజులో ఉండగా నా పుస్తకంలో స్కోర్లు సమం, అవతలి స్కోరర్ పుస్తకంలో మేం గెలిచేశాం. ఒక్క రన్ తేడా. అంపైర్లు ఇద్దరూ మా టేబుల్ దగ్గర కూర్చుని ఓవర్ ఓవర్‌కీ టాలీ చేయించారు, అరగంట పట్టింది. తప్పు నాదే. చాయ్ వచ్చిన టైమ్‌లో అంపైర్ చెయ్యి చాపిన నోబాల్ ఒకటి వేసుకోలేదు. మేమే గెలిచామని తేలినా ఆ రోజు ఎవరూ నాతో మాట్లాడలేదు లెండి. అందుకే 310/9 అని ఎక్కడ చూసినా, ఆ రోజు బొంబాయిలో పుస్తకం పట్టుకుని కూర్చున్న ఇద్దరు ఎవరో గానీ వాళ్ళ మీద జాలేస్తుంది.

ఓడింది కూడా చిన్న జట్టు కాదు. నవానగర్ అంతకుముందు ఏడాది, 1936-37లో, ఫైనల్లో బెంగాల్‌ని 256 పరుగులతో ఓడించి కప్పు తీసుకుంది. అమర్ సింగ్, వినూ మన్కడ్ ఆ ఏళ్ళలో నవానగర్‌కి ఆడినవాళ్ళే. పైగా ట్రోఫీకి ఎవరి పేరు పెట్టారో ఆ రంజీత్‌సింహ్‌జీ నవానగర్ పాలకుడే. ఆయన పేరున్న కప్పును ఆయన సంస్థానం జట్టు చేతిలోంచి నిజాం రాజ్యపు జట్టు లాక్కుపోయిందన్నమాట.

ఇక స్థాయి సంగతి. 1934 నవంబర్ 4న చెపాక్‌లో మొదలైన తొలి రంజీ మ్యాచ్ చూపించి, ఇదీ ఆటేనా అనేవాళ్ళున్నారు. మైసూరు 48, 59. మద్రాసు 130. ఇన్నింగ్స్ 23 పరుగుల తేడాతో ఒక్క రోజులోనే అయిపోయింది. ఎ.జి. రామ్‌సింగ్ 35 పరుగులకు 11 వికెట్లు తీశాడు. ఆ ఒక్క మ్యాచ్ చూసి అందరికీ బ్యాటింగ్ రాదనడం నాకు నచ్చదు. ఆ సీజన్‌లోనే మద్రాసు మీద హైదరాబాద్‌వాడు ఎస్.ఎం. హాదీ 132 నాటౌట్ కొట్టాడు. రంజీ చరిత్రలో మొదటి సెంచరీ అదే. ఆయన 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ కూడా ఆడాడు. ఏడు ఆటలు ఆడతాడని "రెయిన్‌బో" హాదీ అనేవాళ్ళు.

పోల్చాలంటే అసలు చిక్కు ఆటగాళ్ళలో కాదు, పద్ధతిలో ఉంది. అప్పుడంతా నాకౌటే. జోన్‌లో ఒక్క మ్యాచ్ ఓడితే ఆ ఏడాదికి రంజీ అయిపోయినట్టే. జోన్లలో లీగ్ పద్ధతి 1957-58లో వచ్చింది. కాబట్టి ఆ కాలపు ఆటగాడి సీజన్ యావరేజ్ అంటే ఒక్కోసారి నాలుగైదు ఇన్నింగ్స్‌ల లెక్క. దాన్ని ఇప్పుడు ఏడెనిమిది మ్యాచ్‌లు ఆడే కుర్రాడి యావరేజ్ పక్కన పెట్టి ఎవరు గొప్ప అంటే ఏం చెప్తాం? ఆ రోజుల్లో జనం ఎగబడి చూసింది కూడా రంజీ కాదు, బొంబాయిలో మతాల వారీగా జట్లు కట్టి ఆడే టోర్నమెంటు.

పోల్చాలనే ఉంటే హైదరాబాద్‌తోనే హైదరాబాద్‌ని పోల్చండి. రెండో కప్పు 1986-87లో ఎం.వి. నరసింహారావు కెప్టెన్సీలో, ఢిల్లీ మీద, మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో, అంటే మ్యాచ్ డ్రా అయినా మొదటి ఇన్నింగ్స్‌లో ఎక్కువ పరుగులు చేసినందుకు, వచ్చింది. 1938లో మొదటి ఇన్నింగ్స్‌లో 39 వెనకబడ్డ జట్టు అదే నిబంధనతో తేలే ఆట అయితే కప్పు లేకుండానే రైలెక్కి ఉండేది.