స్వీడన్‌లో తొలి ఇల్లు: తెల్లగోడల వెనుక వెలుతురు లెక్క

స్టాక్‌హోమ్‌కు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలు అద్దె ఇంటి తాళాలు చేతికి అందిన వారంలోనే నన్ను అడిగే సందేహం దాదాపు ఒకటే. ఇక్కడి వాళ్ళ ఇళ్ళు తెల్లగా, తక్కువ సామానుతో, ఎంతో విశాలంగా కనిపిస్తున్నాయి కదా, మన ఇల్లు కూడా అలా ఉండాలంటే ఏమేమి కొనాలి అని. పదహారు సంవత్సరాలుగా ఇక్కడ కాపురం ఉంటున్న అనుభవంతో నేను చెప్పే జవాబు వారిని మొదట కొంత నిరాశపరుస్తుంది. మంచం, పరుపు, భోజనాల బల్ల, నాలుగు కుర్చీలు, వంటకు కావలసిన గిన్నెలు తప్ప, మొదటి చలికాలం గడిచేదాకా పెద్ద వస్తువేదీ కొనకండి. ఒక డిసెంబరు నెల గడిపితే తప్ప ఆ ఇంటికి ఏమి కావాలో మీకు తెలియదు.

మనం ఫోటోలలో చూసి ముచ్చటపడే ఈ స్కాండినేవియన్ అలంకరణ అంతా వెలుతురు కరువులోంచి పుట్టింది. స్టాక్‌హోమ్ 59 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడవ వారంలో ఇక్కడ సూర్యుడు ఉదయం 8.45 ప్రాంతంలో పొడిచి, మధ్యాహ్నం 2.50 కాకముందే కుంకిపోతాడు. అంటే పగలు ఆరు గంటలే. హైదరాబాదులో సంవత్సరం మొత్తంలో అతి చిన్న పగలు కూడా పదకొండు గంటలు ఉంటుంది. పైగా ఆ ఆరు గంటలలోనూ సూర్యుడు పైకి ఎక్కడు. మిట్టమధ్యాహ్నం కూడా ఎదురింటి కప్పుకు ఆనుకున్నట్టు కిందుగానే ఉంటాడు, అదీ మబ్బు లేని రోజున. కిటికీలోంచి వచ్చిన ఆ కాసింత వెలుగును గోడ, కప్పు, నేల ఒకదానికొకటి అందించుకుంటూ గది లోపలి మూల వరకు చేర్చాలి. తెల్లని గోడలు, లేత రంగు చెక్క నేల, సన్నని కాళ్ళ మీద నిలబడి కింద ఖాళీ వదిలే సోఫా, ఏమీ అడ్డు లేని కిటికీ, ఇవన్నీ ఆ పని కోసమే ఉన్నాయి. మన పల్లెల్లో మందపాటి గోడలు, వసారాలు, కిందికి దిగిన చూరులు ఎండను తప్పించడానికి ఎలా పుట్టాయో, ఇక్కడి ఇల్లు ఎండను పట్టుకోవడానికి అలా పుట్టింది.

ఈ సంగతి తెలియక మేము తొలి సంవత్సరం చేసిన పొరపాటు చెబుతాను. సెప్టెంబరులో ఇల్లు దొరికింది. అప్పటికి ఇంకా ఎండలు బాగానే ఉన్నాయి. హైదరాబాదులో పెద్దింటి హంగుగా భావించే ముదురు గోధుమరంగు తోలు సోఫా సెట్టు, దానికి నప్పేలా మెరూన్ రంగు తెరలు, గోడ నిండా టీవీ యూనిట్ కొన్నాము. నవంబరు నడిమికి వచ్చేసరికి ఉదయం పదకొండు గంటలకు కూడా దీపం వేయనిదే మా అమ్మాయికి జడ వేయలేకపోయేదాన్ని. గదిలోకి వచ్చిన వెలుగునంతా ఆ సోఫా తాగేసేది. మార్చిలో దాన్ని అమ్మితే కొన్న ధరలో సగం కూడా రాలేదు. ఆ నాలుగు నెలల దిగులు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. దానికి ఇంటి చీకటే పూర్తి కారణమని అనను గాని, అందులో దాని పాలు తక్కువేమీ కాదు.

అందుకే ఇంటికి డబ్బు పెట్టదలచుకున్నవారు మొదట దీపాల మీద పెట్టాలని నా గట్టి అభిప్రాయం. ఇక్కడ అద్దె ఇంట్లో అడుగు పెట్టగానే కప్పుకు దీపాలు లేకపోవడం చూసి మనవాళ్ళు ఆశ్చర్యపోతారు. ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు తమ దీపాలను ఊడదీసుకుని పట్టుకుపోతారు. మీకు మిగిలేది కప్పులో ఒక ప్లగ్గు మాత్రమే. వెంటనే మనకు అలవాటైన పద్ధతిలో గది మధ్యలో ఒక పెద్ద తెల్ల లైటు బిగించాలనిపిస్తుంది. అలా చేయకండి. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు. మన ట్యూబ్‌లైటు వెలుగు 6500 కెల్విన్ దగ్గర, నీలి ఛాయతో ఉంటుంది. వేడి దేశంలో అది కంటికి చల్లగా తోచవచ్చు గాని, బయట మంచు, లోపల తెల్లగోడలు ఉన్నచోట గదిని ఆసుపత్రి వార్డులా మార్చేస్తుంది. బల్బు డబ్బా మీద 2700 కెల్విన్ అని ఉన్నవే, అంటే పసుపు ఛాయతో వెచ్చగా కనిపించేవే తీసుకోండి. ఒక పెద్ద దీపానికి బదులు గదికి ఐదారు చిన్న దీపాలు, కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు అటూ ఇటూగా పెట్టండి: సోఫా పక్కన ఒకటి, పుస్తకాల అర మీద ఒకటి, కిటికీ గట్టు మీద ఒకటి. భోజనాల బల్ల మీద వేలాడే దీపాన్ని బల్ల నుంచి 55–60 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంచాలి. కొత్తగా చూసేవారికి అది మరీ కిందికి దిగినట్టు కనిపిస్తుంది గాని, అందరూ కూర్చున్నాక ఆ వెలుగు విస్తళ్ళ మీద పడి, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళను ఒక దగ్గరికి చేరుస్తుంది. డెన్మార్క్‌కు చెందిన పౌల్ హెన్నింగ్‌సెన్ 1920ల నుంచి ఒక దాని మీద ఒకటిగా రేకులు పేర్చి దీపాలు తయారుచేసింది, బల్బు నేరుగా కంట్లో పడకుండా వెలుగు మాత్రమే కిందికి జారడానికే. ఆయన 1958లో రూపొందించిన పీహెచ్5 దీపం ఈనాటికీ ఇక్కడి వంటిళ్ళలో వేలాడుతోంది. ఆ దీపం ఖరీదైనది, కొనమని చెప్పను. బల్బు కంటికి కనబడకూడదన్న సూత్రం మాత్రం చవక దీపానికీ వర్తిస్తుంది.

కిటికీ గట్టు మీది దీపం గురించి మరొక్క మాట. చలికాలపు సాయంత్రం వీధిలో నడిచి చూడండి. తెరలు మూసుకున్న కిటికీలు తక్కువ, ప్రతి కిటికీలో ఒక చిన్న దీపం ఉంటుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలలో మొదటి దాని నుంచి, కాగితపు నక్షత్రాలు, త్రిభుజంలా పేర్చిన ఏడు దీపాల స్టాండులు కనిపిస్తాయి. కార్తీక మాసంలో మన గడపల మీద దీపాలు పెట్టే అలవాటుకు అది దగ్గర చుట్టంలా అనిపించి, మా ఇంట్లో ఆ స్టాండు దీపావళి నాటికే కిటికీలోకి చేరుతుంది. కిటికీ కింద ఉండే, గదిని వేడిచేసే రేడియేటరుకు మాత్రం సోఫాను ఆనించకండి. వేడి గదిలోకి రాకుండా సోఫా వెనుకే నిలిచిపోతుంది.

గోడల విషయం తొందరగా చెబుతాను. కొత్తగా వచ్చినవారు ఎక్కువగా రెండవ చేతి అద్దెలో, అంటే ఆ ఇల్లు ఎవరి పేరున ఉందో వారి నుంచి తిరిగి అద్దెకు తీసుకునే, ఇక్కడ 'ఆంద్రాహాండ్' అనే పద్ధతిలో ఉంటారు. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోనిదే రంగు వేయవద్దు, మేకు కొట్టవద్దు. స్నానాల గదిలో అసలే వద్దు. టైల్సు వెనుక నీరు ఇంకకుండా ఒక పొర ఉంటుంది, దానికి చిల్లు పడితే పక్క ఫ్లాటు వరకు తడి పాకి, ఆ ఖర్చు మీ మెడకు చుట్టుకుంటుంది. అంటించే కొక్కేలు వాడండి. రంగు వేసే వీలు ఉన్నవారు దుకాణంలో ఎస్ 0502-వై అని అడగండి. ఇక్కడ రంగుల నంబర్లలో అది పేరున్న తెలుపు, పిసరంత పసుపు కలిసినది. ఉత్తర దిక్కు నుంచి వచ్చే వెలుగులో నీలం ఎక్కువ కాబట్టి, సున్నపు తెలుపు వేస్తే గోడ బూడిదరంగులోకి తిరుగుతుంది. ఆ పసుపు చుక్క దాన్ని సరిచేస్తుంది.

ఇంత చెప్పాక ఒక ముఖ్యమైన హెచ్చరిక. తెలుపు అంటే రంగులను వెలివేయడం అని అనుకోకండి. దలార్నా ప్రాంతంలోని సూండ్‌బోర్న్‌లో చిత్రకారుడు కార్ల్ లార్షన్, ఆయన భార్య కారిన్ కాపురమున్న ఇల్లు ఇప్పటికీ సందర్శకులకు తెరిచి ఉంటుంది. స్వీడన్ ఇంటి అలంకరణకు పుట్టిల్లుగా చెప్పుకునే ఆ ఇంట్లో ఎరుపు, ఆకుపచ్చ ధైర్యంగా కనిపిస్తాయి, కారిన్ నేసిన, కుట్టిన బట్టలు గదిగదికీ ఉంటాయి. 1924లో ఎస్ట్రిడ్ ఎరిక్‌సన్ స్టాక్‌హోమ్‌లో స్థాపించిన స్వెన్స్క్ట్ టెన్ అనే గృహాలంకరణ దుకాణానికి ఇంత పేరు తెచ్చిన పూల డిజైన్లు గీసిన యోసెఫ్ ఫ్రాంక్, ఆస్ట్రియా నుంచి 1930లలో వలస వచ్చిన యూదుడు. పరాయి దేశం నుంచి వచ్చిన మనిషి తన రంగులతోనే ఈ దేశపు ఇంటికి కొత్త కళ తెచ్చాడు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు ఎంతో ధైర్యంగా ఉంటుంది.

కాబట్టి సూట్‌కేసులో తెచ్చుకున్నవాటిని దాచిపెట్టకండి. మా ముందుగదిలో గోడలు, సోఫా, చాప అన్నీ లేతరంగువే. సోఫా మీద రెండు పోచంపల్లి దిండు గలీబులు, గోడకు ఒకే ఒక్క కలంకారీ ఉన్నాయి. పుస్తకాల అర మీద కొండపల్లి అంబారీ ఏనుగు, దాని పక్కన దలార్నా నుంచి తెచ్చిన ఎర్ర చెక్కగుర్రం నిలబడి ఉంటాయి. ఏనుగు తెల్ల పొణికి చెక్కతో చేసినది, చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలిక. గుర్రం పైన్ చెక్క, కొంచెం బరువు. గుర్రం మీది తెలుపు, ఆకుపచ్చ తీగల గీతలు, ఏనుగు అంబారీ మీది పసుపు చుక్కలు, రెండూ చేత్తో దిద్దినవే. ఇంటికి వచ్చిన ప్రతి స్వీడన్ మనిషీ ముందు వాటి దగ్గరికే వెళ్తారు. చుట్టూ ఇరవై బొమ్మలు పెట్టి ఉంటే ఆ రెండూ ఎవరి కంటా పడేవి కావు.

వంటింట్లో ఈ తెలుపుకు అసలు పరీక్ష ఎదురవుతుంది. చాలా ఫ్లాట్లలో పొయ్యి మీది ఫ్యాను పొగను బయటకు పంపదు, బొగ్గు ఫిల్టరు గుండా తిప్పి మళ్ళీ గదిలోకే వదులుతుంది. ఆ ఫిల్టరును క్రమం తప్పకుండా మార్చకపోతే ఇంగువ పోపు వాసన ఉన్ని చాపలో, తెరల్లో స్థిరపడిపోతుంది. అందుకే చాపలు, సోఫా తొడుగులు ఉతకడానికి వీలైన నూలువి తీసుకోండి. పాతగుడ్డల పేలికలతో నేసే ఇక్కడి 'ట్రాస్‌మట్టా' చాపలు మన బొంతలను గుర్తుచేస్తాయి, చవక కూడా. తెల్ల బల్ల మీద పసుపు మరక పడితే వెంటనే తుడవండి. బట్ట మీద పడితే ఉతికి ఎండలో ఆరేయండి. పసుపులోని రంగు ఎండకు విరిగిపోతుంది. జూన్‌లో మా బాల్కనీలో ఆరేసిన మేజాగుడ్డ మీద మరక ఒక్కరోజులో వెలిసిపోయింది. అలాంటి మరకే నవంబరులో పడితే వసంతం దాకా మాతోనే ఉంది.

పూజ గూటికి వంటగది పక్క గోడకు ఒక లేతచెక్క అర చాలు. హారతి కర్పూరం వెలిగించే చోటు పొగ అలారం కింద కాకుండా చూసుకోండి, అలారాన్ని మాత్రం ఎన్నడూ ఊడదీయకండి.

సామాను కొనే రోజు వచ్చినప్పుడు కొత్త దుకాణానికి ముందు 'లోప్పిస్' అనే పాతసామాను సంతలకు వెళ్ళండి. యాభై, అరవై ఏళ్ళ కిందటి టేకు, బిర్చ్ కుర్చీలు గట్టివి దొరుకుతాయి. కూర్చుని, అటూ ఇటూ ఊపి, కీళ్ళు కదలకపోతేనే తీసుకోండి. ఇక పసిపిల్లలు ఉన్నవారు ఒకటి మాత్రం ముందే సమకూర్చుకోవాలి. జూన్‌లో పగలు పద్దెనిమిదిన్నర గంటలు సాగుతుంది, తెల్లవారుజామున మూడున్నరకే ఎండ కిటికీలోకి దిగుతుంది. కాబట్టి పడకగదికి వెలుగు చొరని నల్లని చుట్టుతెరలు ఏప్రిల్ నెలాఖరుకల్లా బిగించి పెట్టుకోండి.