ముందుగాల పిల్లల చేతిలకెళ్లి గడ్డ గుంజుకోండి

ప్రశ్న: మా ఆడబిడ్డ వాళ్లు పెద్దాపురం దిక్కు ఉంటరు, మొన్నొచ్చినప్పుడు సంచి నిండ కర్రపెండలం తెచ్చిన్రు. కొన్ని వండినం, మిగిలినయి కోస్తే లోపల నల్లటి గీతలు. పాడైనట్టేనా? పిల్లలేమో కందగడ్డ లెక్క పచ్చిదే కొరుకుతమంటున్రు. సగ్గుబియ్యం వీటితోనే అంట కదా, ఇంట్ల చేస్కోవచ్చా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: పచ్చిది అస్సలు వద్దక్కా. శివరాత్రికి కందగడ్డ పచ్చిగ కొరికినట్టు దీన్ని కొరకొద్దు. ఇందుల లినమారిన్ అని ఒకటుంటది, గడ్డ నలిగిందంటే అది ఇరిగి సైనైడ్ బయటికొస్తది. చేదు రకాల్ల బాగ, తీపి రకాల్ల తక్కువ, అదీ తొక్కలనే ఎక్కువ. అందుకే పైన గోధుమ రంగు పొట్టొక్కటే కాదు, దాని కింద మందంగ ఉండే తొక్క గూడ తీసెయ్యాలె, చిన్న ముక్కలు కోసి మస్తు నీళ్లు పోసి మూత పెట్టకుండ మెత్తగ ఉడికించి ఆ నీళ్లు పారబొయ్యాలె. నడుమ నార తీసేసి ఉల్లిగడ్డ పచ్చిమిర్చి తాలింపు పెట్టుకుంటే మాత్రం, అబ్బ, ఆలుగడ్డ ఎందుకూ పనికిరాదు.

గీతలంటరా, తవ్విన రెండు మూడు రోజులకే అట్లయితది, దెబ్బ తగిలిన కాడ ఇంక జల్ది. కొంచెమే ఉంటే ఆ మేరకు కోసెయ్యండి, అంతటా పాకి వాసనొస్తే పారెయ్యండి. సగ్గుబియ్యం మిల్లులు పంట దగ్గర్నే ఉండేది గూడ ఇందుకే, మీ ఆడబిడ్డ వాళ్ల పెద్దాపురం, సామర్లకోట దిక్కు చూడండి. తమిళనాడుల సేలం అయితే ఇంక పెద్దది, రెండో ప్రపంచ యుద్ధం టైంల మలయా (ఇప్పటి మలేషియా దిక్కు) నుంచి సగ్గుబియ్యం రాక ఆగిపోయినంక అక్కడ ఈ పని ఊపందుకుంది.

మిల్లుల గడ్డ తొక్క తీసి కడిగి, నీళ్లు పోస్కుంట మెత్తగ తురిమి పాలు వడగడ్తరు, తొట్లల్ల ఇడిస్తే పిండి అడుక్కు దిగుతది, పైనీళ్లు వంపేస్తరు. ఆ తడిపిండిని బట్టల ఏసి ఊయల లెక్క ఊపుతుంటే గుండ్లు గుండ్లు అయితది (ఇప్పుడు చాన మిల్లులల్ల మిషన్లే ఊపుతున్నయి), జల్లెడ పట్టి, జరంత నూనె రాసిన ఇనుప పెనం మీద ఏపి ఎండబెడ్తరు. ఆ ఏపుడుకే పైపొర ఉడికి గట్టిపడ్తది, లేకుంటే మనం నానబెట్టంగనే పిండి పిండి అయిపోతయి. అసలు కిటుకంత ఆడనే ఉంది, ఇంట్ల ఆ గుండ్లు రావు, ఊరికె తిప్పలు. పిండి వరకైతే తీస్కోవచ్చు, మంచిగ ఎండబెట్టి డబ్బల పోస్కోండి.

ఇంకోటి, ఆ పచ్చి తొక్కలు, ఆకులు బర్లకో మేకలకో ఎయ్యకండి, వాటికి గూడ విషమే.