పాత కంప్యూటర్, కొత్త పెన్‌డ్రైవ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: చిక్కడపల్లిలో మాది డీటీపీ సెంటర్. విండోస్ 98 ఉన్న పెంటియం 4 సిస్టమ్‌లో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో చేసిన పాత పెళ్లి పత్రికలు, పుస్తకాలు చాలా ఉన్నాయి. ఇప్పుడది లోగో దగ్గరే ఆగిపోతోంది. సీడీ డ్రైవ్ పోయింది. బూట్ మెనూలో యూఎస్‌బీ-ఎఫ్‌డీడీ, యూఎస్‌బీ-జిప్, యూఎస్‌బీ-హెచ్‌డీడీ అని మూడున్నాయి గానీ, మా 32 జీబీ పెన్‌డ్రైవ్‌తో ఏదీ పనిచేయలేదు. ఫైళ్లు పోకుండా విండోస్ మళ్లీ వేసుకోవడం ఎలాగండీ?

జవాబు: ముందు ఆ హార్డ్ డిస్క్‌ను బయటికి తీయండి. దాని మీద మళ్లీ విండోస్ వేయవద్దు. జంపర్‌ను (డిస్క్ వెనక పిన్నుల మీది చిన్న క్లిప్) మాస్టర్‌లో పెట్టి, ఐడీఈ-యూఎస్‌బీ కన్వర్టర్‌తో (ఐడీఈ అంటే పాత వెడల్పాటి డిస్క్ కేబుల్ రకం) కొత్త కంప్యూటర్‌కు తగిలించండి. 3.5 అంగుళాల డిస్క్‌కు 12 వోల్టులు కావాలి కాబట్టి కన్వర్టర్‌తో పాటు విడి అడాప్టర్ ఉండాల్సిందే. కొత్త విండోస్ ఒక్కోసారి ‘ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి’ అంటుంది. పొరపాటున కూడా సరేననకండి. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే కమాండ్‌తో డిస్క్ మొత్తానికీ ఇమేజ్ (అచ్చు నకలు ఫైలు) తీయడం మేలు. ఆ కమాండ్‌లో ముందు పాత డిస్క్, తర్వాత ఇమేజ్ ఫైలు, చివర మ్యాప్ ఫైలు రాయాలి. మొదటి రెండూ తారుమారైతే పత్రికలన్నీ పోయినట్టే.

కొత్త డిస్క్‌గా 4 లేదా 8 జీబీ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు, దాన్ని ఐడీఈకి కలిపే 40 పిన్నుల అడాప్టర్ తీసుకోండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో గానీ, కోఠి గుజరాతీ గల్లీలో గానీ అడిగి చూడండి. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డుకు ఐడీఈ భాష వచ్చు కాబట్టి డ్రైవర్‌తో పనిలేదు. పైగా విండోస్ 98తో వచ్చిన ఎఫ్‌డిస్క్ (డిస్క్‌ను భాగాలు చేసే ప్రోగ్రామ్) 64 జీబీ దాటిన డిస్కుల సైజును తప్పుగా చూపిస్తుంది. చిన్న కార్డుతో ఆ బాధా ఉండదు.

ఇక పెన్‌డ్రైవ్. అప్పటి బయోస్‌లు (ఆన్ చేయగానే ముందుగా నడిచే మదర్‌బోర్డ్ ప్రోగ్రామ్‌లు) పెద్ద పెన్‌డ్రైవ్‌లతో తికమకపడతాయి. 2 జీబీది వెతికి, ఫ్యాట్16 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేయండి. విండోస్ 98 బూట్ ఫ్లాపీలోని ఐఓ, ఎంఎస్‌డాస్, కమాండ్ ఫైళ్లున్న ఫోల్డర్‌ను హెచ్‌పీ యూఎస్‌బీ ఫార్మాట్ టూల్‌కు చూపిస్తే డాస్ (కమాండ్లు టైప్ చేసే పాత సిస్టమ్) బూట్ సిద్ధం. ఎఫ్‌డిస్క్, ఫార్మాట్, హైమెమ్ (మెమరీ కోసం), స్మార్ట్‌డ్రైవ్ (కాపీ వేగం కోసం) కూడా అందులో వేసుకోండి. పెన్‌డ్రైవ్‌ను వెనక పోర్టులోనే, అదీ పవర్ నొక్కకముందే పెట్టాలి. ఆన్ చేశాక పెడితే బయోస్ లెక్కలోకి రాదు.

అసలు కిటుకు ఇక్కడుంది. యూఎస్‌బీ-హెచ్‌డీడీగా బూట్ అయితే పెన్‌డ్రైవే సీ డ్రైవ్ అయి కూర్చుంటుంది, మీ కార్డు డీకి జరుగుతుంది. అప్పుడు సీని ఫార్మాట్ చేస్తే చెరిగేది పెన్‌డ్రైవే. విండోస్ బూట్ ఫైళ్లూ దానిలోకే వెళ్లి, అది తీసేశాక సిస్టమ్ లేవదు. అందుకే యూఎస్‌బీ-జిప్ ఎంచుకోండి. చాలా బయోస్‌లలో అప్పుడు పెన్‌డ్రైవ్ ‘A’ డ్రైవ్‌గా వస్తుంది. ఏదైనా చెరిపే ముందు డిర్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) కొట్టి ఏ అక్షరం ఎవరిదో చూసుకోండి. ఎలా పెట్టినా సీగానే వస్తుంటే పెన్‌డ్రైవ్ మానేసి బూట్ ఫ్లాపీ వాడండి.

ఎఫ్‌డిస్క్‌లో పెద్ద డిస్క్ సపోర్ట్‌కు వై నొక్కి, కార్డు మొత్తాన్నీ ఒకే ప్రైమరీ పార్టిషన్ చేయండి. రీబూట్ చేశాక సీని స్లాష్ ఎస్‌తో (format c: /s) ఫార్మాట్ చేయండి. ఇప్పుడు కార్డును తీసి, కార్డ్ రీడర్‌తో కొత్త కంప్యూటర్‌లో పెట్టి విండోస్ 98 సీడీలోని విన్98 ఫోల్డర్, మదర్‌బోర్డ్ డ్రైవర్లు, పేజ్‌మేకర్, ఫాంట్లు, మీ పాత ఫైళ్లు అన్నీ కాపీ చేసుకోండి. ఈ కాపీ డాస్‌లో చేస్తే పొడవైన ఫైలు పేర్లు 8 అక్షరాలకు తెగిపోతాయి. ఇన్‌స్టాల్ అయ్యాక చేద్దామంటే, విండోస్ 98 తనంతట తాను పెన్‌డ్రైవ్‌ను గుర్తించదు.

కార్డు తిరిగి పెట్టి, స్మార్ట్‌డ్రైవ్ నడిపి, సీలోని ఫోల్డర్ నుంచే సెటప్ మొదలుపెట్టండి. ర్యామ్ 512 ఎంబీకి మించి ఉంటే ఒక మాడ్యూల్ తీసేయండి, లేకపోతే ‘మెమరీ చాలదు’ అనే వింత సందేశం వస్తుంది. నిజానికి ఎక్కువైనందుకే ఆ మాట. అంతా నడిచాక మొదటి పని, ముఖ్యమైన ఫైళ్లను పీడీఎఫ్ చేసుకోవడం. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర సంకేతాలు) కావు కాబట్టి, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో మీ తెలుగంతా పిచ్చి గీతలే.

ప్రశ్న: మా పెంటియం 3 బయోస్‌లో యూఎస్‌బీ అన్న మాటే లేదు. ఫ్లాపీ డ్రైవ్ మాత్రం ఉంది. దారేమైనా ఉందా? (మల్కాజిగిరి)

జవాబు: ఉంది. ప్లాప్ బూట్ మేనేజర్ అనే చిన్న ప్రోగ్రామ్ తన యూఎస్‌బీ డ్రైవర్‌ను తనే మోసుకొస్తుంది. దాని ఇమేజ్‌ను 1.44 ఎంబీ ఫ్లాపీకి రాసి, ఫ్లాపీతో బూట్ చేసి, మెనూలో యూఎస్‌బీ ఎంచుకోండి. అక్కడి నుంచి పెన్‌డ్రైవ్ అందుకుంటుంది. మధ్యలో ఆగిపోతే ప్లాప్ సెటప్‌లో యూఎస్‌బీ 1.1కి దించి చూడండి.

ఓపిక మాత్రం కావాలి. ఆ కాలపు పోర్టులు యూఎస్‌బీ 1.1వి, సెకనుకు 12 మెగాబిట్లు. అంటే సుమారు 1 మెగాబైట్. 700 ఎంబీ చదవడానికి పన్నెండు నిమిషాల పైమాటే. అది ఆగిపోయిందనుకొని రీసెట్ కొట్టేయకండి. యూఎస్‌బీ 2.0 పీసీఐ కార్డు వేస్తే వేగం బాగా పెరుగుతుంది. ఫ్లాపీ డ్రైవ్ లైటు ఆన్ చేసినప్పటి నుంచీ ఆరకుండా వెలుగుతుంటే డ్రైవ్ చెడిపోలేదు, కేబుల్ తిరగబడింది. మెలితిప్పిన కొస డ్రైవ్ వైపు ఉండాలి.

ప్రశ్న: రూఫస్ (బూట్ పెన్‌డ్రైవ్ తయారుచేసే ప్రోగ్రామ్)తో విండోస్ ఎక్స్‌పీ పెన్‌డ్రైవ్ చేశాను. ఫైళ్లు లోడ్ అయ్యాక నీలి తెర, 0x0000007బీ అని. పెన్‌డ్రైవ్ చెడిపోయిందా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: పెన్‌డ్రైవ్ తప్పు కాదు. మీ సాటా (ఐడీఈ తర్వాతి కేబుల్ రకం) డిస్క్ ఏహెచ్‌సీఐ అనే కొత్త మోడ్‌లో ఉంది, ఎక్స్‌పీలో దానికి డ్రైవర్ లేదు. బయోస్‌లో సాటా మోడ్‌ను ఐడీఈ లేదా కంపాటిబుల్‌కు మార్చండి. ఇన్‌స్టాల్ అయ్యాక దాన్ని వెనక్కి మారిస్తే అదే నీలి తెర వస్తుంది, కాబట్టి అలాగే వదిలేయండి. ఆ ఎంపికే లేని ల్యాప్‌టాప్ అయితే ఎన్‌లైట్ అనే ప్రోగ్రామ్‌తో సాటా డ్రైవర్‌ను ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ సీడీ నకలు ఫైలు)లో కలిపి మళ్లీ రాయాలి.

పార్టిషన్ల జాబితాలో పెన్‌డ్రైవ్ కూడా కనిపిస్తుంది. డిలీట్‌కు ముందు సైజు చదవండి. మొదటి రీబూట్‌లో ‘ఏదైనా కీ నొక్కండి’ అన్నప్పుడు నొక్కకూడదు, నొక్కితే సెటప్ మళ్లీ మొదటికొస్తుంది. పెన్‌డ్రైవ్‌ను మాత్రం పూర్తయ్యేదాకా తీయకండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. దాన్ని నెట్‌కు కలపవద్దని మా గట్టి సలహా.

ప్రశ్న: పెంటియం ఎం ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేయబోతే ‘ఎక్స్86-64 సీపీయూ కావాలి’ అంటోంది. (కూకట్‌పల్లి)

జవాబు: మీ పెంటియం ఎం 32 బిట్‌ది, మీరు 64 బిట్ ఐఎస్‌ఓ రాశారు. యాంటిఎక్స్ అనే తేలికపాటి లినక్స్‌లో 32 బిట్‌ది తీసుకోండి. డెబియన్ అనే మరో లినక్స్ 13వ వెర్షన్ నుంచి 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం లేదు. తర్వాత పీఏఈ (4 జీబీ దాటిన మెమరీని వాడే సౌకర్యం) లేదని ఆగితే, బూట్ లైన్ చివర ఫోర్స్‌పీఏఈ (forcepae) అని చేర్చండి. తొలి పెంటియం ఎంలలో ఆ సౌకర్యం ఉన్నా పైకి చెప్పుకోవు.

ప్రశ్న: బూట్ క్రమం ఎన్నిసార్లు మార్చినా మర్నాటికి మొదటికొస్తోంది. తేదీ కూడా. (అంబర్‌పేట)

జవాబు: మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. కొత్తది 3 వోల్టులు చూపాలి. పవర్ తీగ పీకేసి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా మార్చండి. మూత తెరిచినప్పుడే ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తలలు చూడండి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ముందు వాటిని మార్పించండి. అవి బాగుపడందే ఏ ఇన్‌స్టాలూ చివరిదాకా సాగదు.