మొదటి స్కాన్ నార్మల్ అన్నారు, మరి రెండోదాంట్లో రక్తం ఎక్కడిది?

పోయిన నెల తల గాయాల గురించి రాస్తే రాయగడ, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు నుంచి చాలా ప్రశ్నలు వచ్చాయి. దాదాపు అన్నీ సీటీ స్కాన్ చుట్టూనే తిరిగాయి. పేర్లు తెలియకుండా కొన్నిటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడు గుణుపురం రోడ్డులో రాత్రి 8 గంటలకు బైకు మీంచి పడ్డాడు. రెండు నిమిషాలు స్పృహ లేదు, తర్వాత లేచి మామూలుగా మాట్లాడాడు. 9కల్లా సీటీ తీసి అంతా బాగుందన్నారు. తెల్లారేసరికి వాంతులు, మగత. మళ్లీ తీస్తే లోపల రక్తం గడ్డ ఉందన్నారు. విశాఖ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం, ఇప్పుడు కులాసాగానే ఉన్నాడు. మొదటి రిపోర్టు తప్పిచ్చినట్టే కదా? కేసు వేద్దామని మా బావ పట్టుబడుతున్నాడు.

జవాబు: తప్పు అని మీరు చెప్పినదాన్ని బట్టి అనలేను. మొదటి ఫిల్మ్ ఇంకొకరికి చూపించండి, అందులో రక్తం కనబడుతూ ఉండి వదిలేస్తే అది వేరే సంగతి. కానీ గంటలోపు తీసిన స్కాన్ నిజంగానే నార్మల్‌గా ఉండి, ఆరేడు గంటల తర్వాత అదే తలలో గడ్డ కనబడటం మేము చూస్తూనే ఉంటాం. పుర్రె పగిలినచోట చిన్న రక్తనాళం తెగి సన్నగా కారుతుంటే మొదటి గంటలో పోగయ్యేది చాలా తక్కువ. మెదడు కమిలిన చోట్లయితే మొదటి రోజంతా పెరుగుతూ పోవచ్చు. సీటీ చూపించేది ఆ నిమిషాన లోపల ఎలా ఉందో, అంతే. పొయ్యి మీద పాలు ఒకసారి చూసి, పొంగలేదు కదా అని పక్కింటికి వెళ్లిపోతే ఏమవుతుందో ఇదీ అంతే.

అందుకే తల దెబ్బల్లో స్కాన్ కంటే ముందు, స్కాన్ తర్వాత కూడా, మేము నమ్ముకునేది మనిషి స్పృహను. దానికో లెక్క ఉంది, గ్లాస్గో కోమా స్కేల్ అంటారు, 1974లో గ్లాస్గో డాక్టర్లు టీస్‌డేల్, జెన్నెట్ పెట్టింది. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కాళ్లూ చేతుల కదలికకు 6, మొత్తం 15. కనీసం 3, సున్నా ఉండదు. 13 నుంచి 15 అంటే చిన్న గాయం, 9 నుంచి 12 మధ్యరకం, 8 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్రం, అక్కడ శ్వాస గొట్టం వేయడం గురించే ముందు ఆలోచించాలి. మీ తమ్ముడికి రాత్రి 15 ఉండి తెల్లారికి 12 అయ్యుంటే, రెండో స్కాన్‌కు ఆ పడిపోవడమే కారణం. మీరు నిజంగా అడగాల్సింది రిపోర్టు గురించి కాదు, రాత్రంతా ఆ స్కోరు ఎవరైనా చూసి రాశారా అని. కేస్ షీట్ నకలు అడగండి, ఇస్తారు. గంట గంటకూ రాసి ఉంటే మీ బావగారిని కాస్త ఆగమనండి. ఖాళీగా ఉంటే మాత్రం ఆయన కోపంలో న్యాయం ఉంది.

ఈ స్కోరు విషయంలో మన సరిహద్దు జిల్లాల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. రాత్రి డ్యూటీ సిస్టర్‌కు ఒడియా తప్ప రాదు, దెబ్బ తగిలిన పెద్దాయనకు తెలుగు తప్ప రాదు, కొండ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు రెండూ సరిగా రావు. అడిగింది అర్థంకాక ఏదో చెబితే, పేషెంటు తికమకగా మాట్లాడుతున్నాడని మాటకు ఒక మార్కు తగ్గిస్తారు. దీనికి తిరగబడిన ప్రమాదం మరీ ఎక్కువ: నిజంగానే తికమక పడుతుంటే, భాష రాకపోవడం వల్ల అనుకుని వదిలేస్తారు. కాబట్టి పక్కన ఉన్నవాళ్లు మొహమాటపడకుండా, ఈయన ఎప్పుడూ ఇలాగే మాట్లాడతాడనో, కాదు ఇప్పుడే తేడాగా ఉందనో గట్టిగా చెప్పాలి.

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. గుండెకు స్టెంట్ వేశాక రక్తం పలచబడే మాత్రలు వాడుతోంది. నెల కిందట బాత్రూంలో జారి తల గోడకు తగిలింది. బొప్పి తప్ప ఏమీ లేదు కదా అని మా ఊరి ఆర్‌ఎంపీ స్కానింగ్ అక్కర్లేదన్నాడు. ఇప్పుడు నడుస్తుంటే ఒక పక్కకు తూలుతోంది, మాట మరిచిపోతోంది. పెద్దవయసు మతిమరుపేనా? - పర్లాకిమిడి

జవాబు: ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి ఇంకా స్కాన్ చేయించకపోతే ఈరోజే చేయించండి, రేపటికి వాయిదా వద్దు. వయసు మీద పడ్డాక మెదడు కొంచెం కుంచించుకుని పుర్రెకూ దానికీ మధ్య సందు పెరుగుతుంది, ఆ సందులో సాగి ఉన్న సిరలు చిన్న దెబ్బకే తెగి, రక్తం వారాల తరబడి నెమ్మదిగా పోగవుతుంది. కొత్త రక్తం సీటీలో తెల్లగా కనబడుతుంది, రెండు మూడు వారాలకు మెదడు రంగులోనే కలిసిపోతుంది, ఆ తర్వాత నల్లబడుతుంది, కాబట్టి నెల క్రితం పడిందన్న మాట స్కాన్ చదివే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. చాలామందికి పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ ద్రవం తీసేస్తే తూలడం, మరపు తగ్గిపోతాయి. ఇంకోటి, కంగారుపడి స్టెంట్ మాత్రలు మీరే ఆపేయకండి, అది గుండె డాక్టరు, న్యూరోసర్జన్ మాట్లాడుకుని తేల్చాలి.

65 దాటినవాళ్లకు స్పృహ కాసేపు పోయినా, ఏం జరిగిందో గుర్తు లేకపోయినా స్కాన్ తీయాలన్నది 2001లో కెనడా డాక్టర్లు ఇచ్చిన నియమాల్లో ఉంది. రెండుసార్లు వాంతి అయినా చాలు. ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలాంటివి కారడం, కళ్ల చుట్టూ నల్లగా కమలడం, దెబ్బ తగిలిన రెండు గంటలకు కూడా స్కోరు 15కు రాకపోవడం, ఇవీ అందులోవే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లను ఆ అధ్యయనంలో అసలు చేర్చుకోలేదు, అంటే ఆ నియమాలతో వాళ్లకు స్కాన్ వద్దని చెప్పే వీల్లేదు. మీ ఆర్‌ఎంపీ గారికి ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: మా నాలుగేళ్ల పాప మంచం మీంచి పడింది. వెంటనే ఏడ్చింది, గంటలో అన్నం తింది. నేను టెన్షన్‌తో స్కాన్ తీయమంటే జయపురంలో డాక్టరు తీయనన్నారు. డబ్బులు ఇస్తానన్నా వినలేదు.

జవాబు: మంచి డాక్టరు దొరికారు, వదులుకోకండి. తల సీటీ ఒకసారి తీస్తే సుమారు 2 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ తగులుతుంది, మామూలుగా మనకు ప్రకృతి నుంచి ఏడాదిలో తగిలేదానికి దగ్గరగా. పెద్దవాళ్లకు అవసరమైతే దీన్ని లెక్కచేయం, పిల్లలకు మాత్రం ఆలోచిస్తాం. 2009లో అమెరికాలో 42,000 మందికి పైగా పిల్లల్ని చూసి ఎవరికి స్కాన్ అక్కర్లేదో తేల్చారు. మీ పాప వయసులో స్పృహ పోకుండా, వాంతులు, తీవ్రమైన తలనొప్పి లేకుండా, అయిదడుగుల లోపు ఎత్తు నుంచి పడి, ఎప్పటిలా ఆడుకుంటుంటే కనిపెట్టుకుని ఉంటే చాలు. నిద్రపోనివ్వకూడదన్న భయం అక్కర్లేదు, లేపితే మామూలుగా లేస్తోందో లేదో చూసుకోండి. లేపినా లేవకపోయినా, వాంతులు మొదలైనా, ఫిట్స్ వచ్చినా అప్పుడు పరిగెత్తండి.

ప్రశ్న: మా మామయ్య పది రోజులుగా కోమాలో ఉన్నారు. సీటీలో పెద్దగా ఏమీ లేదంటున్నారు. మరి ఎందుకు లేవడం లేదు?

జవాబు: వేగంగా వెళ్తున్న తల ఒక్కసారి ఆగి మెలి తిరిగితే మెదడు లోపలి సన్నని తంతువులు సాగి తెగుతాయి. సీటీ రక్తాన్నీ, విరిగిన ఎముకనూ, వాపునూ బాగా పడుతుంది కానీ ఈ తంతువుల గాయం చాలాసార్లు దానికి అందదు. ఎంఆర్ఐ ఎక్కువ చూపిస్తుంది. మొదటి రోజు దాన్ని తీయకపోవడానికి కారణం, అరగంట కదలకుండా ఉండాలి, వెంటిలేటర్ మీదున్న మనిషిని ఆ అయస్కాంతం గదిలో పెట్టడం కష్టం. సీటీ నిమిషాల్లో అయిపోతుంది, రంగు ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. ఇప్పుడు పరిస్థితి నిలకడగా ఉంటే ఎంఆర్ఐ సంగతి అడగండి.

ప్రశ్న: ఈ మెషీన్లు రాకముందు ఏం చేసేవారు? - బరంపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు

జవాబు: కంటిపాప ఏ పక్కన పెద్దదైందో చూసి, ఆ పక్కన పుర్రెకు రంధ్రం చేసి వెతికేవారు మాస్టారూ. మెడ రక్తనాళంలోకి రంగు ఎక్కించి ఎక్స్‌రేలు తీసి, నాళాలు పక్కకు జరిగాయా అని చూసేవారు. లండన్‌లో 1971 అక్టోబర్ 1న మొదటి పేషెంటు తలకు సీటీ తీశారు, అప్పట్లో ఒక్కో పొరకు నాలుగైదు నిమిషాలు పట్టేది. కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఇంజినీరు. 1979లో భౌతిక శాస్త్రవేత్త కార్మాక్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. స్కాన్‌లో ఏది ఎంత చిక్కగా ఉందో, నీటికి సున్నా, గాలికి మైనస్ 1000 అని ఆయన పేరు మీదే ఇప్పటికీ లెక్క కడుతున్నాం.

ప్రశ్న: యాక్సిడెంట్ అయితే పోలీసు కాగితం తెమ్మని ఆపుతారట, నిజమా? స్కాన్ ఇక్కడ తీయించాలా, నేరుగా విశాఖ వెళ్లిపోవాలా?

జవాబు: కాగితం కోసం వైద్యం ఆపకూడదని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తీసుకొచ్చినవాళ్లను వేధించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో రక్షణ పెట్టారు. 2025 నుంచి కేంద్రం పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తించిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేని వైద్యం ఉంది, కౌంటర్లో గట్టిగా అడగండి. రెండో సంగతికి వస్తే, మగతగా ఉన్న మనిషిని ముందు దగ్గరి ఆసుపత్రిలో చూపించి, శ్వాస, బీపీ నిలబెట్టాకే కదిలించాలి. జయపురం వైపు నుంచైతే సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా విశాఖ వెళ్లే ఆ దారిలో మధ్యలో ఊపిరి ఆగితే చేసేదేముండదు. అక్కడే సీటీ ఉండి వెంటనే తీస్తామంటే తీయించండి, ఆపరేటర్ రావాలి, రెండు గంటలు పడుతుందంటే ఆగకండి. తీస్తే ఫిల్మ్‌తోపాటు సీడీ అడిగి తీసుకోండి, లేదంటే విశాఖలో మళ్లీ మొదటి నుంచి తీస్తారు. దాని కవరు మీద పడిన టైము, స్కాన్ టైము, చివరిసారి సరిగ్గా మాట్లాడిన టైము పెన్నుతో రాసి పెట్టండి.